షెడ్యూలులో లేనిది

ఏకాంబరకుప్పం, మూడో సందు, పొద్దున పదిన్నర.
చేతిలో వారంటు, వెనకాల టముకుతో మునస్వామి.
ముప్పయ్యేళ్ళ ఆమీను ఉద్యోగం నాది:
ఒకరి గుమ్మం ఇంకొకరికి అప్పజెప్పి
సంతకం తీసుకోవడం.

చెక్కుబందీ పైకి చదివాను.
తూర్పున కాలవ, ఉత్తరాన రస్తా,
పడమట ఖాళీ స్థలం (అక్కడిప్పుడు మూడంతస్తుల మేడ),
దక్షిణాన చింతచెట్టు.
చెట్టు లేదు. మొద్దయినా లేదు.
కాయితంలో మాత్రం ఇంకా నీడ ఇస్తోంది.

రేకుల షెడ్డు, పదహారు అంకణాలు,
నాలుగు మరమగ్గాలు, వాటి మోటార్లు.
వేలంలో పాడిన రోజే నాలుగో వంతు కట్టింది మోహనాంబ.
మిగతాది కట్టిన పదిహేనో రోజున
ఆమె మణికట్ల మీద గాజుల అచ్చు మాత్రమే ఉంది.

తాళం పగలగొట్టడానికి కమ్మరిని తెచ్చుకున్నా,
పని పడలేదు.
తణికాచలం మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు.
"తలుపు కొంచెం ఎత్తి తొయ్యాల సార్" అన్నాడంతే.

లోపల రెండో మగ్గం మీద సగం నేసిన తువ్వాలు.
ఎర్ర అంచు. కరెంటు కోసిన దినం
నాడె ఎక్కడ ఆగిందో అక్కడే.
ఇదెవరిది?
షెడ్యూలు తిరగేశాను. మగ్గం ఉంది, గుడ్డ లేదు.
చట్టం నన్నడగొద్దు,
నేను తలుపులు తెరిచేవాణ్ణి.

నిన్ననే పాత కరెంటు బాకీ కట్టి
లైను ఇప్పించుకుందట మోహనాంబ. స్విచ్చి నొక్కింది.
ఒకటి లేచింది, రెండు లేచింది, నాలుగూ లేచింది.
మూడోది టక్కుమని నిలబడిపోయింది.
మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

బయట సైకిలెక్కబోతున్న తణికాచలం
ఒక కాలు నేలమీదే ఉంచి విన్నాడు.
తర్వాత స్టాండు వేసి లోపలికొచ్చాడు.
నిజానికి నేను అడ్డుపడాలి.
స్వాధీనం ఇచ్చిన చోట బాకీదారు మళ్ళీ అడుగుపెడితే
రిపోర్టు రాయాలి.
పెన్ను మూత తియ్యలేదు.

మగ్గానికి చెవి ఆనించి
అరచేత్తో పక్కనుంచి ఒకటిచ్చాడు.
"ఎడమ తోలుపట్టీ వానకి బిగుసుకుంటాదమ్మా.
ఆముదం రెండు చుక్కలు. ఎక్కువ పొయ్యొద్దు,
గుడ్డ మరకవుతాది."
సీసా ఎక్కడుందని అడిగిందామె.
కిటికీ వైపు గడ్డంతో చూపించాడు.

పనికి వస్తావా అన్నా, అని ఆమె అడగలేదు.
ఆయనా ఆగలేదు.

"పదకొండూ నలభైకి స్వాధీనం ఇవ్వడమైనది.
ఎవరూ ఆటంకపరచలేదు."
మునస్వామి టముకు కొట్టాడు గానీ
నాలుగు మగ్గాల మోతలో
అతని చేతులు ఆడడమే కనిపించింది.

బస్సు ముక్కుకొండ దాటాక గుర్తొచ్చింది,
తువ్వాలు సంగతి ఎక్కడా రాయలేదని.
ఈపాటికి
రెండో అంచు కూడా పడివుంటుంది.