పదో వంతు

ఎటెల్కా బట్టల మిషను ప్రాణం విడిచిన మూడో నాడు
దాని మోటారు అడుక్కోవడానికి కంచె దాటాను.
"ముప్పై ఏళ్లు నా దుప్పట్లు ఉతికింది,
నీ కొట్టంలో ఏం ఉతుకుతుంది?"
కట్టెనన్నాను.
నమ్మలేదు, అయినా ఇచ్చింది,
ఆమె నేలమాళిగ తలుపు
కిర్రుమనకుండా చేస్తానన్న ఒప్పందం మీద.

ప్లైవుడ్డులో పద్దెనిమిది బిళ్లలు కోసి
ఇనుప ఇరుసుకు గుచ్చి జిగురుతో బిగించాను.
బేరింగులు పాత ట్రాక్టరువి,
బల్ల ఎవరో పారేసిన బీరువా తలుపు.
డోలు చుట్టూ గరుకు కాగితం, ఏటవాలుగా,
సెంటెష్ సంతలో కర్రకు పిండి చుట్టి
నిప్పుల మీద తిప్పే రొట్టెలా.
బల్లకు ఒక కొసన మడతబందు,
ఇంకో కొస కింద స్క్రూ.
ఒక చుట్టు తిప్పితే కొస మిల్లీమీటరు లేస్తుంది,
నడుమ, డోలు కింద, అర.
చుట్టులో ఐదో వంతుకు మిల్లీమీటరులో పదో వంతు.
విల్లు బతికేదీ విరిగేదీ
ఆ కాస్త చోటులోనే.

మొదటి బద్ద అకాసియాది.
డోలు లాగే వైపే తోశాను, తెలివితక్కువగా.
చేతిలో ఉన్నది లేదు.
ఎదుటి తలుపుకు గుచ్చుకుని వణుకుతోంది.
విల్లు కాకముందే బాణమైపోయింది.
అక్కడ పడుకునే కుక్క
ఆ రోజు నుంచి పడక మార్చింది.

రెండోదాన్ని డోలుకు ఎదురుగా పెట్టాను,
మెల్లగా, ఊపిరి బిగబట్టి.
బయటికొచ్చింది,
గాలి రోజున టీసా నదిలా అలలు అలలుగా.

గ్యార్ఫాష్ వచ్చాడు.
రైలు చక్రాలను సుత్తితో తట్టి
పగులుందో లేదో చెప్పే ఉద్యోగం చేసిన మనిషి.
కాలిపర్ వైపు చూడనైనా లేదు,
బొటనవేలిని బద్ద మీద నడిపించాడు.
"ఇక్కడ బలిసింది. ఇక్కడ చిక్కింది. ఇదిగో, మళ్లీ బలిసింది."
కట్టెను తిట్టబోయాను.
"దాన్నేమంటావు, నీ డోలే గుండ్రంగా లేదు.
ముందు దాన్ని చిత్రిక పట్టు."
దేంతో?
"ఆ బల్లతోనే."

కాగితాన్ని డోలు మీంచి ఒలిచి బల్లకు అంటించాం.
ఉత్త డోలు తిరుగుతోంది.
బల్లను వెంట్రుకవాసి లేపాను.
టక్, టక్, టక్,
చుట్టుకొక్కసారి, ఎత్తున్న ఒక్క చోటే తగులుతూ.
ఇంకాస్త. టకటకటక.
నడుమ ఖాళీలు ఒక్కొక్కటే పూడిపోయి
పొద్దుగూకేసరికి ఒకే జుమ్మనే మోత.
పొట్టు మా కనుబొమల మీద, టీలో,
గ్యార్ఫాష్ మీసంలో.
గుండ్రమంటే ఏమిటో నేను చెవులతో నేర్చుకున్నాను.

ఇప్పుడు తొమ్మిది బద్దలున్నాయి.
పిడి దగ్గర రెండు మిల్లీమీటర్లు, అక్కణ్ణుంచి సన్నబడుతూ
కొసకు చేరేసరికి దీపం వెలుగు
తేనెరంగులో ఇవతలికొస్తోంది.
విల్లు ఇంకా లేదు.
జిగురు డబ్బా ఉంది, చలికాలమంతా ఉంది.

నిన్న ఎటెల్కా కంచె దగ్గర ఆగి చెవి ఒగ్గింది.
"అది ఆఖర్న పిండేటప్పటి చప్పుడు.
నాకు తెలియదా!"
కాసేపలాగే నిలబడింది, తడి చేతులతో.
తర్వాత, "నా తలుపు సంగతి?"

రేపన్నాను.
అలలు పడ్డ ఆ రెండో బద్దను
చిన్న చిన్న ముక్కలు కోసి జేబులో వేసుకున్నాను.
మడతబందు కింద ఏ ముక్క దూర్చాలో
గ్యార్ఫాష్ బొటనవేలు చెప్పాలి.