తీసేసిన బురదకు కొలత

కార్తీకంలో సంతకం పెట్టాను.
"వాన పడిన ప్రతి రాత్రికీ
తెల్లారి ఏడున్నరలోపల
తారురోడ్డు నుంచి ఆసుపత్రి గేటుదాకా
మూడువందల నలభై అడుగుల దారి
బురద లేకుండా చూపవలెను.
తడవకు పదకొండువందల యాభై."
చూపవలెను అన్న మాట దగ్గర
అప్పుడు నేను ఆగలేదు.

మొలకలపాళెం ఆసుపత్రి పల్లంలో కట్టారు.
అటు రొయ్యల గుంటలు, ఇటు మాగాణి,
ఏ గట్టు తెగినా మా దారే పడక.
బురదంతా ఒకటే అనేవాళ్లు
ట్రాక్టరు ఎక్కనివాళ్లు.
మాగాణి అడుసు మంచిది,
బ్లేడు ముందు సంగటిముద్దలా దొర్లుతుంది.
గుంటల ఒండ్రు నలుపు, కంపు,
తీసిన చోటికే మళ్లీ జారుతుంది.
కాలవకు గండి పడితే వచ్చేదాంట్లో ఇసక,
దాన్ని తోస్తుంటే
బ్లేడు పళ్లు కొరుకుతుంది.

వాన చప్పుడుకు నిద్రపట్టేది నాకు,
రేకుల మీద అది ఆగితే మెలకువ వచ్చేది.
మస్తాన్‌బీ టీ కాచి సీసాలో పోసి
"డీజిలు డబ్బులన్నా వస్తాయా" అనేది.
మా మేనల్లుడు కాలేషా
సెల్లు లైటు నోట కరుచుకొని
దారి అంచును కాళ్లతో వెదుకుతా ముందు నడిచేవాడు.
వాడు మోకాటిదాకా దిగితే అది దారి కాదు.
మడమదాకా దిగితే దారి.

ఏడింటికి నర్సు దీవెనమ్మ.
చెప్పులు చేతపట్టుకొని రావడం ఎన్నేళ్ల అలవాటో,
తోసి శుభ్రం చేసిన దారి మీద కూడా
చేతపట్టుకొనే నడిచేది.
గేటు దగ్గర చూసుకొని, నవ్వి, తొడుక్కునేది.
వెనకాల షుగరు మాత్రలకు ముసలోళ్లు,
సూదికి చంటిబిడ్డలు.
ఒక ఆదివారం పొద్దున
కట్లపాము కరిచిన పోలయ్యను
ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని ఒక బైకు వచ్చింది.
నడిపేవాడు ఒక్కసారి కూడా
కాలు కింద పెట్టకుండా లోపలికి పోయింది.

పదిహేడు రాత్రులు.

మాఘంలో ఎండలు ముదిరినాక
టేపు తీసుకొని ఏ.ఈ. వచ్చాడు.
దారి తెల్లగా ఎండి ఉంది, పక్కన గడ్డి.
"ఏదయ్యా బురద?"
"తీసేశాను సార్."
"తీసినట్టు రుజువేందీ?"
"లేకపోవడమే సార్."

ఆయన చెడ్డోడు కాదు.
ఆయన పుస్తకంలో పొడవు, వెడల్పు, లోతు
మూడు గళ్లు.
లేనిదానికి లోతెంతని రాస్తాడు?
గోడ కట్టినోడికి గోడ ఉంది,
బాయి తవ్వినోడికి బాయి.
నేను పక్కకు తోసిన మట్టి కూడా
రైతులు మళ్లలోకి లాక్కున్నారు,
ఇప్పుడది వరి.

దీవెనమ్మ ఓపీ రిజిస్టరు తెచ్చి
జీపు ముందు మూత మీద పరిచింది.
"నవంబరు పద్నాలుగు, తెల్లవార్లూ వాన సార్.
వచ్చినోళ్లు అరవై ఇద్దరు.
పోయినేడు ఇట్టాంటి వానే, చూడండి."
పాత పుస్తకం తెరిచింది.
తేదీ ఉంది. తేదీ కింద గీతలున్నాయి.
గీతల మీద ఎవరూ లేరు.
ఏ.ఈ. ఆ ఖాళీలో వేలు పెట్టి
రొంతసేపు తియ్యలేదు,
లోతు చూస్తున్నట్టు.

పదిహేడింటికి పద్నాలుగు రాశాడు.
మిగతా మూడూ ఆదివారాలు,
ఓపీ ఉండదు, పేజీ ఉండదు.
నేను వాదించలేదు.
బ్లేడుకు వెల్డింగు పెట్టించాలి,
కాలేషాకు బూట్లు కొనాలి.

పోలయ్య ఇప్పుడు రొయ్యల గుంటల కాడ కాపలా.
ట్రాక్టరు అటు పోతే చాలు, గట్టు మీదికొచ్చి
కుడికాలు రొంత ముందుకు పెట్టి నిలబడతాడు,
కొలుచుకోమన్నట్టు.