రెండు సుడులు

పేపర్లో ఫొటో వేశారు, టోపీతో.
టోపీ కింద ఏముందో నాకు తెలుసు:
నడినెత్తిన ఒకటి, ఎడం పక్కకి జరిగి ఇంకొకటి,
రెండు సుడులు.
ఏ దువ్వెనకీ లొంగని చోటు.

కోరుకొండ బడిలో ఏడేళ్లు
పదిహేను రోజులకోసారి నా ముందు తలొంచాడు
కోరాడ శశిభూషణ్.
"రెండు పెళ్లిళ్లు రాసున్నాయిరా గుంటడా నీకు" అనేవాణ్ణి.
"ఒకటి విమానంతో మావా" అనేవాడు.
రెండోదాని పేరు ఎప్పుడూ చెప్పలేదు.

"యుద్ధం కాదంట కదా, ఉత్త ట్రైనింగేనంట"
కుర్చీలో ఒకాయన, గడ్డం నురగలోంచి.
కత్తి ఆపేశాను.

నేను పని నేర్చింది కుండ మీద.
మా అయ్య కుండ బోర్లించి సబ్బు పూసి
"గీకరా" అనేవాడు.
గీత పడితే వీపు మీద ఒకటి, మళ్లీ నురగ.
ఆ తర్వాతే మనుషులు. అలమండ సంతలో మొదటి గడ్డం:
కాస్త రక్తం, పటిక ముక్క, నాలుగు తిట్లు.
నా తప్పులకి అంతే ఖర్చు.

ఆకాశం కుండ ఇవ్వదు.
తప్పు చేతిదో, ఇనుముదో, మబ్బుదో
విచారణ చేస్తారంట.
చెయ్యనీ.

ఆ ఫొటో పక్కనే ఇంకో ఫొటో. నేర్పే ఆయన.
బీరేన్ ఫూకన్, వింగ్ కమాండర్, జోర్హాట్.
ఈ తల నాకు తెలీదు.
పాపిడి ఏ పక్కో, చెవి వెనక ఏ మచ్చో.
తెలిసినవాడొకడు అక్కడుంటాడు,
ఇవాళ కొట్టు తెరవకుండా
గుమ్మంలో కూర్చుని ఉంటాడు.

జెండా కప్పి తెచ్చారు.
నెల్లిమర్ల మిల్లు సైరన్ కూడా ఆ పూట మోగలేదు.
తుపాకులు పైకి పేలితే
తాటిచెట్ల మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి.
ఎగరడం వాటికెవరు నేర్పారో.

పదో రోజు, చంపావతి ఒడ్డు.
కొడుకు చెయ్యాల్సినవన్నీ
తండ్రి చేస్తున్నాడు.
తువ్వాలు తీసి నా ముందు తలొంచాడు,
జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు నార పీల్చిన మనిషి.
నీళ్లు పోసి తడిమాను.
నడినెత్తిన ఒకటి.
ఎడం పక్కకి జరిగి

కుండ మీద పడ్డట్టే పడింది గాటు.
ఆయన కదల్లేదు.
కాసేపటికి, నేల చూస్తూనే అడిగాడు:
"నీకాడ కుదురుగా కూకునేవోడేటి మావోడు?"

"కూకునేవోడు బావూ.
చెవి కాడికొస్తేనే
నవ్వీసేవోడు."