లింబాద్రి సంతకం

సూపర్ మార్కెట్ల బిల్లు కాడ
రంజాన్ గాజు డబ్బాల
ఐదు దిర్హాములేసిన.
"ఇసుకల పోసిన నీళ్లు" అన్నడు ఆశన్న.

సజా క్యాంపుకు మొన్న ట్రక్కొచ్చింది.
అట్టపెట్టెలు, బ్యానరు, కెమెరా.
"లింబాద్రి!" లిస్టు చదువుతున్నరు.
వీసా క్యాన్సలై డిసెంబర్లనే ఇంటికి పోయిండు లింబాద్రి.

"లింబాద్రి!" రెండోసారి.
ఖల్లివల్లి ఆశన్న,
మూడేండ్లాయె ఏ కాగితంల లేనోడు,
"ఉన్న సార్" అన్నడు.
ఒత్తు తప్పకుంట సంతకం వెట్టిండు.
నవ్వుమంటె నవ్విండు,
మొఖం సగం పెట్టె చాటుకు వెట్టి.

రాత్రి పెట్టె ఇప్పినం.
బియ్యం, పప్పు, నూనె.
ఒక ఖర్జూరం నా చేతులవెట్టి
"ఇగో, నీ ఐదు దిర్హాములు" అన్నడు.

గింజ చాన సేపు
నోట్లనే ఉంచుకున్న.