నూట పన్నెండో పేజీ

నర్సాపురంలో లేసు గోడౌను పైన
పదమూడు మెట్లెక్కితే రూతక్క పుస్తకాల షాపు.
మెట్టుకో చెప్పుల జత ఉందంటే
ఆదివారమన్నమాట.

చేరిన రోజున ఓ ఫారం ఇచ్చింది.
పేరు. ఊరు. ఇష్టమైన పుస్తకాలు.
వెనక్కి తిప్పి కూడా చూశాను.
“తండ్రి పేరో భర్త పేరో ఎక్కడ రాయాలండీ?”
“వాళ్ళు చదువుతారా?”
“లేదండి.”
“మరింకెందుకూ?”

ముందు గదిలో వంటల పుస్తకాలు, పంచాంగాలు, డీఎస్సీ గైడ్లు.
అద్దె కట్టేవి అవే.
వెనక గదిలో ఆడవాళ్ళు రాసినవి,
వాటి అంచుల్లో మళ్ళీ ఆడవాళ్ళు రాసినవి.
ఒక పేజీ అడుగున పెన్సిలుతో “నిజమే” అని ఎవరో.
దాని కింద “మా ఇంట్లో కాదు” అని నేను.
పై వారం తెరిస్తే
“అయితే మా ఇంటికి రా.”
గుండ్రటి రాత, సున్నాలు మరీ పెద్దవి.
వీరవేణి అలా దొరికింది నాకు.

నేను సఖినేటిపల్లి రేవులో పంటు టిక్కెట్లు కోస్తాను.
మనిషికింత, మోటారుసైకిలుకింత, మేకకింత.
ఆఖరి ట్రిప్పులో, ఏటి నడిమధ్యన,
వీరవేణి నా భుజమ్మీద తలవాల్చి నిద్రపోతే
దానికి రేటు లేదు.
అక్కచెల్లెళ్ళనుకుంటారు.
అనుకోనీ.
చిరుగుల దుప్పటైనా
చలికి అదే కప్పుకున్నాం చాన్నాళ్ళు.

ఆదివారాలు సభ అని ఎవరం అనం.
“పుస్తకం మార్చుకొస్తా” అని బయల్దేరతాం.
భీమవరం నుంచి నర్సు జహీరా,
రొయ్యల షెడ్డు నుంచి నూకరత్నం
(నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటే గానీ పేజీ ముట్టదు),
పోస్టాఫీసులో రిటైరైన సుభాషిణి గారు.
ముప్పై ఏళ్ళు ఆవిడింట్లో ఒకే ఒక పేయింగు గెస్టు.
ఆ గెస్టు పోయిన నెల
పరామర్శకని ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు.
అద్దెకున్న మనిషి పోతే ఏడుపేంటని వీధి.
మేం వెళ్ళాం, తొమ్మండుగురం,
ఇడ్లీ పొట్లాలు పట్టుకుని.
ఆమె పేర రావాల్సిన పుస్తకం ఒకటి
ఇప్పటికీ రిజిస్టర్లో ఉంది.
గడువు దాటిందని రూతక్క రాయలేదు.

మమ్మల్ని ఏమనాలో జహీరా కాగితమ్మీద రాసుకొచ్చింది,
హైదరాబాదులో వాడే పదాలట.
నూకరత్నానికి నోరు తిరగలేదు.
“మనోళ్ళు అంటే చాలదేంటే?”
“చాలదు. రేపు ఆస్పత్రిలో సంతకం ఎవరు పెడతారు, మనోళ్ళా?”
ఆ గొడవ ఇంకా తెమల్లేదు.

తుఫాను రాత్రి రేకు లేచిపోయింది.
సరిగ్గా వెనక గది మీదదే.
తెల్లారి చూస్తే పుస్తకాలన్నీ తడిసి అట్టుల్లా అతుక్కున్నాయి.
విప్పబోతే చిరుగుతున్నాయి.
అప్పుడెక్కొచ్చారు మెట్లు,
ఎన్నడూ పైకి రాని కింది లేసు ఆడంగులు.
కొంగులు బిగించి, నేలమీద చతికిలబడి,
అల్లిక సూది కొక్కెంతో పేజీ కింద పేజీ
ఊపిరి బిగబట్టి లేపుతూ.
లచ్చాయమ్మ చేతిలో మా పుస్తకం.

గుర్తుపట్టాను. నోరు తడారిపోయింది.
ఆవిడ పంటులో రోజూ వచ్చే మనిషి,
నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి.
నూట పన్నెండో పేజీ దగ్గర ఆగింది.
పెదాలు కదుపుతూ చదివింది, కూడబలుక్కుని.
మళ్ళీ చదివింది.
నా వంక చూడలేదు.
“సిరా అయితే పోయేదే,” అంది,
“పెన్సిలు గనక నిలిచింది,”
అని తాడుమీద ఆరేసింది, లేసు ఆరేసినట్టే,
అంచులు లాగి, సర్ది.

ఎండిన పుస్తకం ముడతలు పడిపోయింది.
ఎంత నొక్కినా మూసుకోదు,
ఎవరు తీసినా అక్కడే తెరుచుకుంటుంది.
దాన్ని ముందు గదిలో పెట్టాలో వెనక గదిలో పెట్టాలో
రూతక్క ఇంకా తేల్చుకోలేదు.
ప్రస్తుతానికి గుమ్మం దగ్గర,
స్టూలు మీద ఉంది.