ఐసుబండి కొలతలు

రొయ్యల మేత బస్తా చింపి
లోపలి కాగితం మీద గీశాడు మా సత్తిపండు:
పొడవు పదకొండడుగులు, వెడల్పు అయిదున్నర,
ఎత్తు, నేను నిలబడితే కొప్పు తగలనంత.
ఏడేళ్లు ఐసూ రొయ్యలూ మోసిన బండి
ఈ పౌర్ణమికి మమ్మల్ని మోస్తుందట,
కొల్లేటి ఒడ్డున రెండు రాత్రులు.

"ఇల్లే మనతో వస్తుందే" అన్నాడు.
"ఇల్లొస్తే ఇంటిపనీ వస్తుంది" అన్నాను.
ఆ మాట కాగితం ఎక్కలేదు.

వెల్డింగు మిషను తోసుకుంటూ ఇస్సాకొచ్చాడు.
కిటికీ ఎటు కొయ్యాలన్నది తగువు.
ఎడమ పక్కనంటాడు ఈయన,
ఎదురు లారీల దుమ్ము పడదని.
కుడి పక్కనంటాను నేను,
ఆకివీడు దాటితే కొల్లేరు అటే గదా అని.
"మరి తిరిగొచ్చేటప్పుడో?" సుద్దముక్క ఎత్తి ఇస్సాకు.
తిరిగొచ్చేటప్పుడు చూడ్డానికేముంది,
చెరువులు, చెరువుల గట్లు, గాలిమరలు తిప్పే నురగ.
కుడి పక్కనే కోశాడు.

వాసన ఒక్కటే దిగి వెళ్లనంది.
బ్లీచింగుతో కడిగాం, నిమ్మచెక్కలు రుద్దాం,
ఆఖరికి సాంబ్రాణి వేశాం.
రొయ్యలే తలంటుకుని కూర్చున్నట్టుంది లోపల.
వీధిలో పిల్లులు మూడు
వెనక తలుపు దగ్గర కాపురం పెట్టాయి.

లిఖిత పుస్తకం నిండా గూడబాతులు గీసింది,
ఆటపాకలో ముందే కనిపించినట్టు.
"సరస్సు ఎక్కడ మొదలవుతుంది నాన్నా?"
అయిదో కాంటూరు దగ్గరంటారు ఆఫీసోళ్లు,
గుర్రపుడెక్క మొదలైన కాడంటుంది మా అత్త,
"బండాపి దిగితే బురద అంటిన చోట" అన్నాడు వాళ్ల నాన్న.

చిన్న గ్యాసు, దోమతెర, టార్చీ,
మాగాయ సీసా, బెల్లం, రెండు టిన్నుల మంచినీళ్లు,
అన్నీ రాసుకున్నాడు, చదివి వినిపించాడు కూడా.
నేనడిగింది ఒక్కటే.
పొద్దున నేనెక్కడికెళ్లాలి?

"గట్టు చాటుకి..." అన్నాడు.
తలలు తీసే షెడ్డులో పదేళ్లు,
పన్నెండేసి గంటలు నీళ్లు తాగకుండా నిలబడ్డదాన్ని.
షికారుకొచ్చీ దాహం దాచుకోమంటే
నేను రాను, మీరిద్దరూ వెళ్లండి అన్నాను.
పెన్సిలు ఆగింది.

మర్నాడు బొమ్మ మారింది.
మంచం ఒక అడుగు తగ్గి
మూలన నీలం డ్రమ్మొకటి, దాని చుట్టూ తెర.
"మరి మీ కాళ్లో?"
"ముడుచుకుంటాలే, నేనేమన్నా తాటిచెట్టునా."
తాటిచెట్టే. కానీ నేను మాట్లాడలేదు.

పౌర్ణమి నాడు, పులిహోర కలుపుతున్నా,
ఉండి నుంచి ఫోను.
చెరువులో తెల్లమచ్చ పడింది,
తెల్లారేలోగా పట్టెయ్యాలి, బండి కావాలి.
మంచం మడిచాం. ఐసు ఎక్కింది.
లిఖిత తలుపు తన్ని వాళ్ల మామ్మ దగ్గరికి పోయింది.
నేను మాత్రం దిగలేదు బండిలోంచి.

గట్టు మీద ముప్ఫైమంది ఆడవాళ్లు,
ఫోకసు లైట్ల కింద వంగి ఏరుతున్నారు.
రైతు ఒక పక్కన గొడుగు పట్టుకు కూర్చున్నాడు,
వాన లేదు, ఎండా లేదు.
పన్నెండు దాటాక ఒకమ్మాయి
అటూ ఇటూ చూసి మళ్లీ వంగింది.
ఆ చూపు నాకు తెలుసు.

డ్రమ్ము దింపించాను.
రెండు కొబ్బరిచెట్లకి మధ్య తెర కట్టాం.
మొదట ఎవరూ రాలేదు.
తర్వాత వరస ఆగలేదు.
ఆ అమ్మాయి వచ్చి
మా టిన్నులోంచి గ్లాసుడు నీళ్లు ముంచుకుని
గటగటా తాగింది, నిలబడే.

తిరిగొచ్చేటప్పుడు
కుడి పక్క కిటికీలోంచి
ఐసు మీద కాస్త వెన్నెల.
పులిహోర ఇద్దరం ఒకే డబ్బాలో తిన్నాం, కొంచెం పులిసింది.

ఆ మేతబస్తా కాగితం ఇప్పటికీ ఉంది.
తేదీ కొట్టేసి వచ్చే పౌర్ణమి అని రాశాడు.
దాని కింద నా రాత:
తెర ఇంకొకటి కొనాలి.