ఆరో వంతు

మా లేతు షెడ్డుకి మామూలుగా వచ్చేవి
రొయ్యల చెరువు ఏరేటర్ షాఫ్టులు,
అరిగిపోయిన పంపు బుష్షులు,
ఎప్పుడైనా ఓ మిల్లు రోలరు.
మొన్న జొన్నాడలో బస్సు దిగి షాహీనా గారు
కాగితం చుట్ట విప్పి బల్ల మీద పరిచి
ఎగిరిపోకుండా నాలుగు నట్లు పెట్టి అన్నారు:
చంద్రుడి మీద మట్టి తీసే పార.
కాదు కాదు,
అక్కడికి వెళ్ళబోయేవాళ్ళు
నీళ్ళలో మునిగి నేర్చుకునే పార.

గట్టు మీద నాలుగు కేజీలు.
నీళ్ళలో దాని ఆరో వంతే తూగాలి.
"ఆరొందల అరవై ఏడు గ్రాములు,
ఓ గ్రాము అటూ ఇటూ పర్లేదు" అన్నారావిడ.
మా పాత ఇనప కాటాకి
వంద గ్రాములంటే దుమ్ము.

ఇనుము మునుగుతుంది, మోయడానికి బెండు కట్టాలి.
పిడి చివర కట్టాను.
ఇసుక పడవ పక్కన దించగానే
పార శీర్షాసనం వేసింది.
కిందికి జరిపితే వెల్లకిలా పడింది.
రెండు రోజులు గోదాట్లో
మొండి దూడని కడిగినట్టే అయింది నా పని.

గట్టు మీద వల బాగుచేసుకుంటున్న పెమ్మాడి కాసులమ్మ
చూసి చూసి, దారం పళ్ళతో తెంపి అంది:
"వలకి పైన బెండు, కింద గుండు ఎందుకు కడతాం?
నిలబడాలని.
నీ పార నిలబడాలేటి?
ఎటు తిప్పితే అటు ఉండాల.
బరువెక్కడుందో బెండూ అక్కడే ఉండాల."

షాహీనా గారి పెన్ను ఆగింది.
ఆవిడ సంచిలో మూడు పేజీల లెక్క ఉంది,
చివరి వరసలో అదే జవాబు.

కాడని వేలి మీద పెట్టి
ఊగడం మానినచోట సుద్దముక్కతో గీశాను.
ఆ గీత చుట్టూ కాసులమ్మవే గట్టి బెండ్లు నాలుగు
(మెత్తనివైతే లోతుకి నలిగి చిక్కిపోతాయి, మోయవు),
పైన సీసం గుళ్ళు ఒక్కొక్కటే,
మందు వేసినట్టు.

ఓలేటి నూకరాజు దిగాడు.
ముప్పై ఏళ్ళుగా నది అడుగు నుంచి
బకెట్టుతో ఇసుక తోడుతున్నవాడు.
చేతులకి మూడు జతల తొడుగులు, మీద సైకిలు ట్యూబు.
గాలి నింపిన ఆ చొక్కాలో
గుప్పిట మూయడమే ఓ కుస్తీ అట.
పైకొచ్చి ముక్కు చీది చెప్పాడు:
"పిడి సన్నం. నాలుగు తోడేసరికి వేళ్ళు చచ్చిపోయాయి."
మళ్ళీ తిప్పాను,
చక్కెరకేళీ పండంత లావుకి.

ఒకటి మాత్రం నీళ్ళు నేర్పలేవు.
నూకరాజు ఎగదోసిన ఇసుక
మబ్బులా లేచి, ఆలోచించుకుని,
మెల్లిగా కూర్చుంది.
అక్కడ గాలైనా లేదు,
విసిరిన రేణువు వంపు గీసినట్టు పోయి పడుతుంది.
ఇక్కడ చెయ్యి విసిరితే నీరు పట్టి ఆపుతుంది,
అక్కడ ఆపేవాళ్ళుండరు.
కాడ పల్చబరిచాం, రేకు అంచు సానపట్టాం.
నీళ్ళాడే అబద్ధం కాస్త తగ్గింది.
పోలేదు.

సాయంత్రం గట్టున తల తుడుచుకుంటూ నూకరాజు అడిగాడు:
"అక్కడ బరువు ఆరో వంతైతే
కూలీ కూడా ఆరో వంతే ఇస్తారాండీ?"
షాహీనా గారు నవ్వబోయి
కాయ కాచిన వాడి భుజం చూసి మానేశారు.

చంద్రుడి మీదికి వెళ్ళేది ఈ పార కాదు.
దానికి వేరే లోహం, వేరే ఊరు, వేరే చేతులు.
ఇది రోజూ మునిగి తేలి
తప్పులన్నీ తనే ముందు చేసి
తుప్పు పట్టి ఏ పాత ఇనప కాటాకో చేరుతుంది.
నా కాటాకే వచ్చినా రావచ్చు.

గోనె చుట్టి బస్సెక్కిస్తుంటే
కాసులమ్మ రొప్పుకుంటూ వచ్చింది:
"పని అయ్యాక ఆ బెండ్లు నాలుగూ పంపించెయ్యమ్మా.
అమావాస్యకి వల దించాల,
చీకట్లోనే చేపలు పడేది."